పాత ఇంజన్‌లో టైమింగ్ చైన్: ఎందుకు అరుగుతుంది, ఇంటి దగ్గర ఎలా మార్చుకోవాలి

ఉదయం సెల్ఫ్ కొట్టగానే ఫ్యాన్ బెల్టు ఉన్న వైపు నుంచి రెండు మూడు సెకన్లపాటు గరగరమని ఇనుప చప్పుడు రావడం, ఆ వెంటనే ఏమీ జరగనట్టు ఇంజన్ మామూలైపోవడం లక్ష కిలోమీటర్లు దాటిన కార్లున్న చాలామందికి అనుభవమే. మొదట్లో అది ఎప్పుడో ఒకసారి వినిపిస్తుంది, తర్వాత రోజూ వినిపిస్తుంది, కొన్నాళ్లకు బండి వేడెక్కాక కూడా స్లో స్పీడులో సన్నగా మోగుతూనే ఉంటుంది. ఈ దశలో కొందరు టాపెట్లు సర్దించుకుంటారు, కొందరు చిక్కటి ఆయిల్ పోయించి చప్పుడు అణచుకుంటారు, మరికొందరు ఇంజన్ బోరుకొచ్చిందన్న మాట విని బెంబేలెత్తుతారు. చాలాసార్లు ఆ చప్పుడు టైమింగ్ చైన్‌దీ, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌దీ. ఈ భాగాలను మార్చడం ఓపికా, శుభ్రతా, కొలత మీద గౌరవమూ ఉన్న మనిషి ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే. అయితే బోల్టులు విప్పడం తెలిసినంత మాత్రాన ఈ పని తెలిసినట్టు కాదు. లోపల ఏది దేనితో ముడిపడి ఉందో, ఆ ముడి ఎందుకు సడలుతుందో ముందుగా అర్థం కావాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్ రెండుసార్లు దిగి రెండుసార్లు లేస్తే ఒక ఆవర్తనం పూర్తవుతుంది. గాలి లోపలికి రావడం, నొక్కుకోవడం, ఇంధనం మండి పిస్టన్‌ను కిందికి తోయడం, పొగ బయటికి పోవడం అన్నవి ఆ నాలుగు దశలు. ఈలోగా కింద, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. పైన హెడ్డులో ఉన్న వాల్వులు మాత్రం మొత్తం ఆవర్తనంలో ఒక్కొక్కటి ఒక్కసారే తెరుచుకోవాలి కాబట్టి, వాటిని నొక్కే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే సాధారణంగా క్రాంక్ స్ప్రాకెట్‌కు, అంటే దాని మీద చైన్ ఎక్కే పళ్ల చక్రానికి, ఎన్ని పళ్లుంటే క్యామ్ స్ప్రాకెట్‌కు సరిగ్గా దానికి రెట్టింపు ఉంటాయి. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే క్యామ్ 400 తిరుగుతుంది, 4,000 తిరుగుతుంటే క్యామ్ 2,000 తిరుగుతుంది. క్రాంక్‌నూ క్యామ్‌నూ కలిపి తిప్పుతూ ఈ లెక్కను చెదరకుండా కాపాడడమే టైమింగ్ చైన్ పని.

ఒకే రోట్లో ఇద్దరు రెండు రోకళ్లతో దంచడం చూసినవారికి ఈ లెక్క తప్పితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పటి కార్ల ఇంజన్లలో చాలావాటిలో, తెరుచుకున్న వాల్వు కిందికి దిగే చోటూ పిస్టన్ పైకి వచ్చే చోటూ ఒకటే. ఒకటి వచ్చేసరికి రెండోది తప్పుకుంటుంది కాబట్టి అవి తగలవు. క్యామ్ స్ప్రాకెట్‌కు 36 పళ్లున్నాయనుకుంటే, చైన్ ఒక్క పన్ను దాటితే క్యామ్ 10 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 20 డిగ్రీలు తప్పుతుంది. ఆ స్థితిలో ఇంజన్ మిస్సింగ్ కొడుతూ నడవవచ్చు. మరికొన్ని పళ్లు దాటితే మాత్రం పిస్టన్ వచ్చి వాల్వుకు తగులుతుంది, వాల్వు వంగుతుంది, హెడ్డు దించక తప్పదు. కొన్ని వేల రూపాయల భాగాలతో పోయేది మొత్తం ఇంజన్ పనిగా మారేది ఇక్కడే. ఇందుకు చైన్ తెగనక్కర్లేదు, వదులైతే చాలు.

చైన్ పొడవు పెరగడమంటే దాని రేకులు సాగడమని చాలామంది అనుకుంటారు. రేకులు దాదాపు అలాగే ఉంటాయి. అరిగేవి ప్రతి లింకులోనూ ఉండే పిన్నూ, ఆ పిన్ను తిరిగే రంధ్రమూ. 150 లింకుల చైన్‌లో ఒక్కో కీలు మిల్లీమీటరులో వందో వంతు అరిగితే మొత్తం మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ అరుగుదల నాలుగు వందో వంతులకు చేరితే పెరుగుదల 6 మిల్లీమీటర్లు అవుతుంది. ఒక్క కీలును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే ఏ తేడా కనిపించదు. 150 కీళ్ల తేడా కలిసినప్పుడే అది బయటపడుతుంది. క్రాంక్ లాగే వైపున అందులో మూడో వంతు చైన్ ఉందనుకుంటే, ఆ వైపు పెరిగిన 2 మిల్లీమీటర్ల మేర క్యామ్ వెనకబడుతుంది. లింకుకు 8 మిల్లీమీటర్ల లెక్కన 36 పళ్ల స్ప్రాకెట్ చుట్టుకొలత 288 మిల్లీమీటర్లు కాబట్టి, ఆ వెనకబాటు క్యామ్ దగ్గర రెండున్నర డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 5 డిగ్రీలు. వాల్వులన్నీ ఆ మేరకు ఆలస్యంగా తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటాయి. పికప్ తగ్గడం, చలి ఉదయాల్లో స్టార్టింగ్ ట్రబుల్, మైలేజీ పడిపోవడం అన్నీ ఇందులోంచి వచ్చేవే.

చైన్ జీవితకాలం గురించి మాట్లాడేటప్పుడు అందరూ మీటరు రీడింగు చూస్తారు. గోదావరి డెల్టాలో ఆ రీడింగు సగం నిజమే చెబుతుందని నా గట్టి అభిప్రాయం. రావులపాలెం, తణుకుల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని గంటకు సగటున 60 కిలోమీటర్ల వేగంతో తిరిగిన కారు 1,20,000 కిలోమీటర్లకు 2,000 గంటలు నడిచినట్టు. అదే కారు కాలువ గట్ల మీద, చేపల చెరువుల మధ్య, ఊరి నుంచి అమలాపురానికో రాజోలుకో వెళ్లి వస్తూ సగటున 20 కిలోమీటర్ల వేగంతో అంతే దూరం తిరిగితే దాని ఇంజన్ 6,000 గంటలు పనిచేసినట్టు. చెరువు గట్టున ఏసీ వేసుకుని బండి ఆపకుండా కూర్చున్న సమయం కిలోమీటర్లలో అసలే కనిపించదు. పైగా స్లో స్పీడులో ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉంటుంది, క్రాంక్ తిరుగుడు కుదుపులతో సాగుతుంది, చైన్ మీద ఆ కుదుపులన్నీ పడతాయి.

దీనికి తోడు చిన్న ప్రయాణాల కీడు ఒకటుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోయినా, కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారి ఆయిల్ ఉన్న చోటికి చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి అరగంటైనా నడిస్తే ఆ తేమ ఆవిరై బయటికి పోతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో అది ఆయిల్‌లోనే ఉండిపోతుంది, మండని పెట్రోలు కూడా కొంత చేరి ఆయిల్‌ను పలచన చేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలుకు బదులు మసి చేరుతుంది, ఆ మసి చైన్ పిన్నుల మధ్య సన్నటి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. ఆయిల్ మార్చే గడువును కిలోమీటర్లతోనే కాక నెలలతోనూ లెక్కపెట్టమని కంపెనీలు రాసేది ఇందుకే. పదివేల కిలోమీటర్లు కాలేదు కదా అని ఒకే ఆయిల్‌తో రెండేళ్లు నడిపిన కారులో చైన్ ముందుగా పోవడంలో వింతేమీ లేదు. ఇక 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన గోదావరి వరదలో లంక గ్రామాల్లో నీట నిలిచిన బండ్ల సంగతి వేరు. పాత కారు కొనేటప్పుడు అది ఆ నీళ్లలో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఇంజన్‌లోకి నీరు చేరి ఆయిల్ పాలలా మారిన బండిలో చైన్ లోపలి నుంచి తుప్పు పట్టి ఉండవచ్చు.

చైన్ ఒక్కటే అరగదు. దాన్ని దారిలో ఉంచే గైడ్లకు ప్లాస్టిక్ ముఖం ఉంటుంది, వదులుగా ఉండే వైపున ఒక గైడ్‌ను టెన్షనర్ నిరంతరం చైన్ మీదికి తోస్తూ ఉంటుంది. చాలా ఇంజన్లలో టెన్షనర్ లోపల ఒక చిన్న పిస్టనూ, స్ప్రింగూ, దాని వెనక ఆయిల్ ప్రెషరూ ఉంటాయి. రాత్రంతా బండి నిలిచి ఉంటే టెన్షనర్‌లోని ఆయిల్ కొంత దిగిపోతుంది, ఉదయం ప్రెషర్ అందేలోగా చైన్ ఊగి కవరుకో గైడ్‌కో తగులుతుంది. మొదటి రెండు సెకన్ల చప్పుడు అదే. టెన్షనర్ పిస్టన్ వెనక్కి జారకుండా పళ్ల పట్టీ ఉన్న రకాల్లో ఈ చప్పుడు తక్కువే గాని, చైన్ పొడవు పెరిగి ఆ పిస్టన్ చివరి పన్ను దాకా బయటికి వచ్చేసిందంటే ఇక తోయడానికి దానికి ఏమీ మిగలదు. అప్పుడు చప్పుడు వేడి ఇంజన్‌లోనూ ఆగదు. అందువల్ల చైన్ ఒక్కటే మార్చడం, లేదా డబ్బు కలిసొస్తుందని టెన్షనర్ ఒక్కటే మార్చడం రెండూ తప్పే. చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిసి పాతబడ్డాయి, కలిసే మారాలి. అరిగిన స్ప్రాకెట్ పళ్ల మీద వేసిన కొత్త చైన్ పాతదాని దారినే పడుతుంది.

అయినా ఇంజన్ విప్పకముందే తేల్చుకోవలసినవి ఉన్నాయి. మొదటిది ఆయిల్ మట్టం, రెండోది ఆయిల్ గ్రేడు, మూడోది ఫిల్టర్. మంచి ఫిల్టర్‌లో ఇంజన్ ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది. నాసిరకం ఫిల్టర్‌లో అది సరిగా పనిచేయక, ఉదయం ప్రెషర్ ఆలస్యంగా అంది, బాగున్న చైన్ కూడా మోగుతుంది. సరైన గ్రేడు ఆయిలూ కంపెనీ ఫిల్టరూ వేసి వారం రోజులు చూడడం చాలా చవకైన పరీక్ష. తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ బెల్టు తీసి అర నిమిషం మాత్రం నడిపి వినాలి. చప్పుడు పోతే దోషం ఆల్టర్నేటర్ బేరింగుదో, వాటర్ పంపుదో, బెల్టు రోలరుదో అయి ఉంటుంది. వాటర్ పంపు ఆ బెల్టు మీదే తిరిగే బండ్లలో అర నిమిషానికి మించి నడపకూడదు.

గత పదేళ్లలో వచ్చిన దాదాపు అన్ని కార్లలోనూ స్టీరింగ్ కింద, ఇంజన్ కంప్యూటరు లోపాల కోడ్లు చదివే ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి తగిలించే చిన్న పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది, ఫోనులో కోడ్ చూపిస్తుంది. పి0016 అన్న కోడ్ వస్తే క్రాంక్ సెన్సర్ చెప్పే స్థానానికీ క్యామ్ సెన్సర్ చెప్పే స్థానానికీ పొంతన లేదని అర్థం. చైన్ మీద అనుమానానికి అది బలమైన ఆధారమే గాని తీర్పు కాదు. సెన్సర్ వైరు పాడైనా, వాల్వు టైమింగును వేగాన్నిబట్టి మార్చే వీవీటీ భాగానికి ఆయిల్ పంపే వాల్వు జాలీ మూసుకుపోయినా అదే కోడ్ రావచ్చు. చప్పుడూ కోడూ రెండూ ఉంటే మాత్రం ఇక వాయిదా వేయకూడదు, దూర ప్రయాణానికి ఆ బండి తీయకూడదు.

మీ బండిలో ఉన్నది చైనా, బెల్టా అన్నది కూడా ముందే తెలియాలి. మారుతి స్విఫ్ట్, డిజైర్ల 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్లలోనూ, 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌లోనూ చైన్ ఉంటుంది. మారుతి 800, ఓమ్ని, టాటా ఇండికా డీజిల్, డీజిల్ టాటా ఏస్, డస్టర్ 1.5 డీజిల్ బండ్లకు రబ్బరు పళ్ల బెల్టు ఉంటుంది. చైన్ మోగి హెచ్చరిస్తుంది, బెల్టు ఏ చప్పుడూ లేకుండా తెగుతుంది. కనుక బెల్టును చూసి కాక, మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లూ ఏళ్లూ వీటిలో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. మేత బస్తాలూ ఐసు పెట్టెలూ మోసే ఏస్ బండ్ల యజమానులు ఈ మాటను పట్టించుకుంటే నడిరోడ్డు మీద ఇంజన్ పోగొట్టుకోరు. బెల్టుతో పాటు రోలర్లు మార్చాలి, ఆ బెల్టే వాటర్ పంపును తిప్పే ఇంజన్లలో పంపునూ మార్చాలి, కొత్త బెల్టుకు ఆయిల్ చుక్కైనా తగలనివ్వకూడదు. మిగిలిన క్రమం చాలావరకు ఒకటే.

ఇంటి దగ్గర చేయాలా వద్దా అన్నదానికి నా కొలత ఒకటే: మీ ఇంజన్ రిపేరు మాన్యువల్ మీ చేతిలో ఉందా, ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో చెప్పే అందులోని టార్క్ అంకెలను పాటించడానికి టార్క్ రెంచ్ ఉందా? ఈ రెండూ లేకపోతే మొదలుపెట్టవద్దు. ఒకే మోడల్ పేరు మీద వేర్వేరు ఏళ్లలో వేర్వేరు ఇంజన్లు వచ్చాయి కాబట్టి, మరో బండి వీడియో చూసి అంకెలు తీసుకోవడం ప్రమాదం. 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌కైతే మార్కులు చూసి పెడితే చాలదు, క్యామ్‌లనూ ఫ్లైవీల్‌నూ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ కావాలి. మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి ఆ బండ్లన్నీ ఇప్పుడు వయసు మళ్లినవే, వాటికి ఈ పని తరచుగా పడుతుంది. అద్దెకైనా ఆ టూల్స్ దొరకనప్పుడు ఆ ఇంజన్ జోలికి పోకపోవడమే మంచిది.

చోటు విషయంలో డెల్టా నేల ఒక పరీక్ష. ఇళ్ల ముందు చాలాచోట్ల ఉన్నది ఒండ్రు మట్టి. ఎండాకాలంలో రాయిలా కనిపించినా ఒక వాన పడితే జాకీ అడుగు అందులో మెల్లగా దిగిపోతుంది, బండి ఒరుగుతుంది. కాబట్టి సిమెంటు గచ్చు మీదే పని పెట్టుకోవాలి, జాకీ మీద బండిని వదిలేయకుండా స్టాండ్లు వేయాలి, కింద దూరేముందు బండిని చేత్తో ఊపి చూడాలి. టైమింగ్ వైపు ఇంజన్ మౌంటింగ్ తీయవలసి వచ్చే కార్లలో ఇంజన్ బరువు మోయడానికి దాని అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ ఛాంబర్ కింద మందపాటి చెక్క పెట్టి మరో జాకీ నిలపాలి. వరి కోతల రోజుల్లో గాలిలో ఊకా దుమ్మూ తిరుగుతుంటాయి, అప్పుడు తెరిచిన ఇంజన్‌ను ఒక్క గంట కూడా కప్పకుండా ఉంచరాదు. వానాకాలపు తేమకు శుభ్రం చేసిన ఉక్కు భాగాల మీద తెల్లారేసరికి ఎర్రటి తుప్పు పూత కనిపిస్తుంది. రాత్రికి పని ఆపితే వాటికి పలచగా ఆయిల్ పూసి కప్పాలి.

కిట్ కొనేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లోనైనా మీ ఊరి స్పేర్ పార్ట్స్ షాపులోనైనా ధర ఒక్కటే చూడకండి. ఇంజన్ నంబరు చెప్పి పార్ట్ నంబరు కలిపి చూడాలి, పాత చైన్‌తో కొత్తదాన్ని పక్కపక్కన పరిచి లింకుల లెక్క సరిచూడాలి. గైడ్ల ప్లాస్టిక్ అంచులు గరుకుగా ఉన్నా, చైన్ మీద రంగు లింకులు లేకపోయినా ఆ కిట్ తిరిగి ఇచ్చేయడమే మేలు. క్రాంక్ ముందు ఆయిల్ సీల్, హెడ్డు పైమూత అయిన టాపెట్ కవర్ ప్యాకింగ్, ఒకసారికే పనికొచ్చే బోల్టులు కూడా అప్పుడే తెచ్చుకోవాలి.

విప్పడంలో మొదటి పని బ్యాటరీ నెగెటివ్ తీగ తీయడం. ఆయిలూ అవసరమైతే కూలెంటూ దించి, స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే క్రాంక్‌ను చేత్తో తిప్పడం తేలికవుతుంది. క్రాంక్‌ను ఎప్పుడూ అది మామూలుగా తిరిగే దిశలోనే తిప్పాలి. మొదటి సిలిండర్ పిస్టన్ పైచివర ఉండేలా క్రాంక్ చివరనున్న పుల్లీ మార్కును కలపాలి. అయితే క్రాంక్ రెండు చుట్లకు రెండుసార్లు పిస్టన్ పైకి వస్తుంది కాబట్టి పుల్లీ మార్కు ఒక్కటే చాలదు, టాపెట్ కవర్ తీసి క్యామ్ మార్కులు కూడా సరైన చోట ఉన్నాయో లేదో చూడాలి. అక్కడే ఆగి, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, స్ప్రాకెట్లకూ పక్కనున్న లోహానికీ కలిపి తెల్ల రంగుతో గీతలు పెట్టుకోవడం తర్వాత ఎంతో అక్కరకొస్తుంది.

అన్నింటికంటే మొండిది క్రాంక్ పుల్లీ బోల్టు. దానికి పానా తగిలించి సెల్ఫ్ కొట్టి విప్పే పద్ధతిని దయచేసి వాడకండి, ఆ పానా ఎగిరి మనిషికి తగిలే అవకాశం నిజంగా ఉంది. టైమింగ్ కోసం పెట్టిన లాకింగ్ పిన్ను మీద ఆ బలమంతా మోపినా పిన్ను వంగుతుంది, టైమింగ్ చెడుతుంది. పుల్లీని పట్టే టూల్ ఉంటే అదే మంచిది. లేదంటే బండిని ఐదో గేరులో పెట్టి తోడుగా ఉన్నవారు బ్రేకు గట్టిగా నొక్కి పట్టగా పొడవైన హ్యాండిల్‌తో విప్పాలి. విప్పాక మార్కులు కదిలాయేమో మళ్లీ చూసుకోవాలి. కొన్ని ఇంజన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కు కీ, అంటే షాఫ్ట్ మీద అది జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క, ఉండదు, ఆ బోల్టు బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. అలాంటి ఇంజన్ లాకింగ్ టూల్స్ లేకుండా ఇంట్లో ముట్టుకోవలసింది కాదు.

టైమింగ్ కవర్ ఊడాక కనిపించేదాన్ని తొందరపడకుండా చదవాలి. పాత గైడ్‌ను చేతిలోకి తీసుకుంటే లింకుల అంచులు నడిచిన చోట పక్కపక్కన సన్నటి గాడులు పడి ఉంటాయి. వేలి గోరు వాటిలో దిగి ఆగితే అరుగుదల ఎంతో తెలిసిపోతుంది. కొత్తప్పుడు కొద్దిగా వంగే ప్లాస్టిక్ ఇప్పుడు ఆయిల్ వేడికి రంగు మారి, పెళుసుబారి, అంచు దగ్గర వేలితో నొక్కితే చిట్లుతుంది. గైడ్ మీద ఒక ముక్క ఊడిపోయి ఉంటే ఆ ముక్క ఎక్కడికి పోయిందన్నది తర్వాతి ప్రశ్న. జవాబు దాదాపు ఎప్పుడూ ఆయిల్ ఛాంబర్ అడుగే. అక్కడి నుంచి అది పంపు నోటికి ఉన్న జాలీకి అంటుకుంటుంది, ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది, కొత్త టెన్షనర్ కూడా ఆకలితో పనిచేస్తుంది. అందుకే గైడ్ విరిగిన ఇంజన్‌లో ఛాంబర్ దించి జాలీ కడగకుండా పని ముగించడం నేను ఎంతమాత్రం ఒప్పుకోను. ఆ అదనపు సగం రోజు పని వల్లే ఈ మొత్తం శ్రమ నిలుస్తుంది.

పాత చైన్ తీశాక క్రాంక్‌నూ క్యామ్‌నూ విడివిడిగా తిప్పకూడదు, అప్పుడే వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. కొత్త చైన్ మీద రెండు మూడు లింకులకు వేరే రంగు వేసి ఉంటుంది. ఆ రంగు లింకులు స్ప్రాకెట్ల మీది మార్కులకు ఎదురుగా వచ్చేలా చైన్ వేయాలి, క్రాంక్ లాగే వైపు బిగువుగా, టెన్షనర్ ఉన్న వైపు వదులుగా ఉండాలి. వదులు పొరపాటున బిగువు వైపు మిగిలితే, టెన్షనర్ వదలగానే మార్కులు జారిపోతాయి. కొత్త టెన్షనర్ పిస్టన్‌ను లోపలికి నొక్కి పిన్ను పెట్టి వస్తుంది. గైడ్లన్నీ బిగించి మార్కులు మరోసారి చూసుకున్నాకే ఆ పిన్ను లాగాలి. లాగగానే గైడ్ చైన్ మీదికి ఒరిగిన చిన్న చప్పుడు వినపడాలి.

ఇప్పుడు వచ్చేది ఈ పని మొత్తానికి ప్రాణం లాంటి దశ. పుల్లీ బోల్టును తాత్కాలికంగా పెట్టి, ప్లగ్గులు లేకుండానే, క్రాంక్‌ను పొడవైన రెంచ్‌తో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. రెండే ఎందుకంటే, క్యామ్ ఒక చుట్టు పూర్తిచేసి ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకునేది అప్పుడే. వాల్వు స్ప్రింగుల వల్ల కొన్నిచోట్ల మెత్తటి ఎదురు తగులుతుంది, అది దాటగానే రెంచ్ తనంతట ముందుకు జారుతుంది, అది సహజం. రాయికి తగిలినట్టు గట్టిగా ఆగితే మాత్రం అది వాల్వు పిస్టన్‌కు తగలడమే. ఆ క్షణాన ఒక్క పిసరు బలం కూడా వేయకుండా వెనక్కి వచ్చి మొదటి నుంచి చూడాలి. చేతి బలంతో తగిలితే ఏమీ కాదు, సెల్ఫ్ బలంతో తగిలితే హెడ్డు దించాలి. చేత్తో తిప్పే ఈ ఐదు నిమిషాలను ఎవరూ ఎగ్గొట్టకూడదు.

ఇక్కడ కొత్తవారు కంగారుపడే సంగతి ఒకటుంది. రెండు చుట్లు తిప్పాక స్ప్రాకెట్ల మార్కులు మళ్లీ సరిగ్గా కలుస్తాయి, కాని రంగు లింకులు మాత్రం ఎక్కడో ఉంటాయి. పొరపాటు జరిగిందేమోనని చైన్ మళ్లీ విప్పేవారున్నారు. 150 లింకుల చైన్ 36 పళ్ల స్ప్రాకెట్ మీద తిరిగేటప్పుడు అదే లింకు అదే పన్ను మీదికి, మిగతా మార్కులూ కలిసేలా, తిరిగి రావడానికి 900 లింకులు గడవాలి, అంటే క్యామ్ 25 చుట్లు, క్రాంక్ 50 చుట్లు తిరగాలి. రంగు లింకులు వేసేటప్పుడు మాత్రమే పనికొచ్చే గుర్తులు. తర్వాత చూడవలసింది స్ప్రాకెట్ల మార్కులూ, హెడ్డు మీదా బ్లాకు మీదా ఉన్న గుర్తులూ మాత్రమే.

కవర్ తిరిగి బిగించేముందు పాత పేస్టును ప్లాస్టిక్ పలకతో గీకి తీయాలి. ఉలితో గీస్తే అల్యూమినియం మీద గాటు పడి అక్కడే ఆయిల్ కారుతుంది. అనాబాండ్ లాంటి గ్యాస్కెట్ పేస్టును మాన్యువల్ చెప్పిన మందంలోనే సన్నటి తీగలా పెట్టాలి. ఎక్కువ పెడితే లోపలికి పిండి, ఊడి, మనం ఇంతకుముందే కడిగిన జాలీకి చేరుతుంది. పేస్టు ఆరే సమయం డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతసేపూ ఆగి ఆయిల్ పోయాలి, తేమ ఎక్కువున్న రోజుల్లోనూ ఆ గడువును తగ్గించుకోవద్దు. పుల్లీ బోల్టును టార్క్‌తోనూ, మాన్యువల్ అడిగితే ఆపైన డిగ్రీల లెక్కతోనూ బిగించాలి. టాపెట్ కవర్ ఎలాగూ ఊడి ఉంది కాబట్టి వాల్వుల సందు కొలిచే అవకాశాన్ని కూడా వదులుకోకూడదు.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంధన పంపు ఫ్యూజు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా విరామమిస్తూ కొద్ది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టాలి. ఖాళీగా ఉన్న కొత్త టెన్షనర్‌లోకి ఆయిల్ చేరాకే ఇంజన్ మండాలన్నది ఇందులో ఉద్దేశం. ఆ తర్వాత ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేస్తే ఒకటి రెండు సెకన్లు చప్పుడు వచ్చి ఆగవచ్చు. ఆగకపోతే వెంటనే బండి ఆపేయాలి. చెక్ ఇంజన్ లైటు వెలిగితే పాత కోడ్ చెరిపి చూడాలి, కొన్ని బండ్లలో క్రాంక్, క్యామ్ స్థానాలను కంప్యూటరుకు మళ్లీ నేర్పే పని స్కానర్‌తో షెడ్డులో చేయించవలసి వస్తుంది. కొత్త చైన్ వేసినా చల్లటి స్టార్టింగులో గరగర మిగిలితే అనుమానించవలసింది వీవీటీ స్ప్రాకెట్ లోపలి లాక్ పిన్నును. అది అరిగితే ప్రెషర్ వచ్చేదాకా స్ప్రాకెట్ ఊగుతూ చైన్ చప్పుడులాగే వినిపిస్తుంది. కాబట్టి కవర్ తెరిచి ఉన్నప్పుడే దాన్ని చేత్తో తిప్పి వదులుందేమో చూసుకోవడం మేలు.

ఇలా మార్చిన ఇంజన్‌లో వెయ్యి కిలోమీటర్లకే ఆయిలూ ఫిల్టరూ మరోసారి మార్చాలి. పాత ఫిల్టరును కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో పరిచి చూస్తే మిగిలిన ప్లాస్టిక్ పొడీ, పేస్టు ముక్కలూ, ఇనుప మెరుపూ ఉన్నాయో లేదో తెలుస్తుంది. ప్లాస్టిక్ ఇంకా కనిపిస్తే జాలీని మళ్లీ చూడవలసిందే. ఏమీ లేకపోతే, ఊళ్ల మధ్య చిన్న ప్రయాణాలే ఎక్కువగా చేసే బండికి ఐదువేల కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చే గడువు పెట్టుకుని, ఆ తేదీని బానెట్ లోపలివైపు రాసి ఉంచుకోవాలి.